టైర్ల దగ్గర

బ్యానర్ హాలు నిండా పరుచుకుని ఉంది. దాని మీద చిన్నాడు నవ్వుతున్నాడు.

ఇంటికి ఉన్నది ఒక్కటే హాలు. వంటగదిలోకి పోవాలన్నా, వీధిలోకి రావాలన్నా దాన్ని దాటాల్సిందే. పోయినవాడి మొహం మీద కాలు వేసే ధైర్యం ఎవరికుంటుంది? అందుకని పొద్దుటి నుంచీ ఇంటిల్లిపాదీ గోడలకు వీపులు ఆనించి, పక్కపక్కకు అడుగులేస్తూ తిరుగుతున్నారు. పెద్దకోడలు మూడు టీ గ్లాసులు పట్టుకుని అలా గోడవారన జరుగుతుంటే, మరో రోజైతే ముందుగా నవ్వేది అత్తగారే.

వీధి చివర స్తంభాలకు కట్టిన బ్యానర్ అది. 'మరో ప్రాణం పోకూడదు. టైర్లు తీసెయ్యాలి' అని ఎర్రటి అక్షరాలు. రాత్రి గాలివానకి ఒక తాడు తెగి సగం కిందికి జారింది. పాలకని వెళ్ళిన అత్తగారు అది చూసి, ఎవరింట్లోంచో కుర్చీ తెప్పించుకుని ఎక్కి, మిగతా తాళ్ళు కూడా కోసేసి, కొడుకుని చాపలా చుట్టుకుని ఇంటికి తెచ్చేసింది. తడి ఆరేదాకా ఇక్కడే ఉంటుందని చెప్పింది. ఆరాక ఏం చేస్తుందో చెప్పలేదు.

"మధ్యాహ్నం మీటింగుకి చిన్నమ్మాయి వస్తుంది. నాలుగు మాటలు మాట్లాడుతుంది," అంది అత్తగారు, గ్లాసు అందుకుంటూ.

"రాదు," అన్నాడు పెద్దాడు గుమ్మంలోంచి.

"నిన్నడగలేదు."

"అడక్కపోయినా చెబుతున్నా. మొగుడు పోయిన పిల్లని పదిమందిలో నిలబెట్టి ఏడిపిస్తావా?"

"ఏడవనీ. ఒక్కసారన్నా ఏడవనీ."

ఆ మాటతో ముగ్గురూ చిన్నకోడలి వైపు చూశారు. ఆమె కిటికీ పక్కన నిలబడి డ్యూటీకి వేసుకునే రబ్బరు బూట్లు తుడుచుకుంటోంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె కంట చుక్క నీరు రాలేదు. గుండె గట్టిదని కొందరు, మనిషే గట్టిదని కొందరు వీధిలో అనుకున్నారు. ఆమెకు అదీ లేదు, ఇదీ లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడండి, ఆమెకు మనసంతా అలా ఉంది. తింటోంది, పడుకుంటోంది, పనికి వెళ్ళి వస్తోంది. అంతే.

అసలు సంగతి ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆమె, ఇంకొకరు పెద్దాడు.

టైర్లు ఎవరి సొంతమూ కావు. ఒక తరం కిందట హార్బరు వాళ్ళు పాత లారీ టైర్లను కట్టలు కట్టలుగా కట్టి సముద్రం అడుగున పడేశారు. చేపలు వచ్చి చేరతాయన్నారు. చేరాయి. పేటంతా వాటి మీదే బతికింది. ఇప్పుడు కట్టిన తాళ్ళు కుళ్ళి, టైర్లు విడిపోయి దొర్లుతున్నాయి. తీసెయ్యాలని కొందరు, ముట్టుకుంటే ఊరుకోమని కొందరు. ఎటూ తెగని ఆ తగువు చిన్నాడు పోవడంతో ఒక్కసారిగా తెగిపోయేలా ఉంది. టైర్ల తాడు కాలికి చుట్టుకుని అంత ఈతగాడే పోయాడంటే ఇంకెవరు నోరెత్తుతారు?

కాని చిన్నాడు టైర్ల దగ్గర పోలేదు. తోటలో పోయాడు.

తోట అనేది ఇంటి మాట. మామగారు బతికుండగా చేపలు చేరేలా ఒక పాత బస్సు డొక్కును గుట్టుగా సముద్రంలో ముంచి, ఆ తర్వాత తుప్పుపట్టిన ఫ్రిజ్‌లూ, వాషింగ్ మెషీన్ల డబ్బాలూ తెచ్చి దాని చుట్టూ చేర్చుకుంటూ వచ్చారు. పేటలో కొన్ని ఇళ్ళకు ఇలాంటి తోటలున్నాయి. ఎవరి తోట ఎక్కడుందో రెండోవాళ్ళకు తెలియదు. ఒడ్డున ఉన్న నీళ్ళ ట్యాంకు లైట్‌హౌస్ వెనక్కి దాక్కోవాలి, ఐస్ ఫ్యాక్టరీ రేకుల కప్పు కొండ అంచుకు తగలాలి. ఈ రెండూ ఒకేసారి జరిగే చోట పడవ ఆపితే కింద వీళ్ళ తోట. అది తండ్రి కొడుక్కి చెబుతాడు. అల్లుళ్ళకు చెప్పడు, కోడళ్ళ దగ్గర ఎత్తడు. ఆఖరికి కట్టుకున్న భార్యక్కూడా చెప్పకూడదని లెక్క. చిన్నాడు పెళ్ళైన కొత్తలోనే ఆ లెక్క తప్పాడు.

ఆ రోజు ఫ్రిజ్‌కి కట్టిన నైలాన్ తాడులో చిన్నాడి కాలు ఇరుక్కుంది. పైన పడవలో ఉన్న పెద్దాడు దిగి, తాడు కోసి, తమ్ముణ్ణి పడవలోకి లాగాడు. అక్కడి నుంచే వైర్‌లెస్‌లో పిలిస్తే పేటలో పడవలన్నీ తోట మీదికే వస్తాయి. అందుకని పడవను టైర్ల దగ్గరికి తీసుకుపోయి, అక్కడి నుంచి పిలిచాడు. ఈ సంగతి ఆ సాయంత్రమే మరదలికి చెప్పాడు. "అప్పటికే అయిపోయిందమ్మా. వాడెలాగూ రాడు. తోటన్నా మిగలనీ. రేపు నీకూ అదే తిండి పెడుతుంది," అన్నాడు. ఆమె తల ఊపింది. ఆ రోజు ఎవరేమన్నా తల ఊపేది.

"అసలు నీకా టైర్ల మీద అంత ప్రేమేంట్రా?" అత్తగారు గొంతు పెంచింది. "తమ్ముణ్ణి మింగినవాటిని తీస్తామంటే నువ్వు ముందుండాలా, వద్దా?"

"తీస్తే తీసుకోనీ. నేనడ్డం పడ్డానా?"

"పడలేదు. నిలబడనూ లేదు. టైర్ల పేరెత్తితే చాలు, ముఖం చాటేస్తావు."

పెద్దాడు వీధి వైపు తిరిగాడు. పెద్దకోడలు తాగని టీ గ్లాసు తీసుకుని మళ్ళీ గోడవారన వంటగదిలోకి వెళ్ళింది. ఆ ఇంట్లో మాట ముదిరినప్పుడల్లా ఆవిడకు వంటగదిలో పని గుర్తొస్తుంది.

"డ్యూటీ టైమైంది," అంది చిన్నకోడలు.

"మీటింగుకి వస్తావా, రావా? అది చెప్పి వెళ్ళు."

"వస్తానత్తయ్యా."

"మాట్లాడతావా?"

"చూద్దాం."

ఆమె గోడకు వీపు ఆనించి గుమ్మం దాకా జరిగింది. పెద్దాడు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. ఆమె దాటుతుంటే, అమ్మకు వినపడకుండా, "జాగ్రత్త తల్లీ," అన్నాడు. బతిమాలుతున్నాడో బెదిరిస్తున్నాడో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

*

ఐస్ ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ళ తొట్టిలోంచి డబ్బాలు పైకి తేలుతున్నాయి. గొలుసు లాగేవాడు డబ్బాను మామూలు నీళ్ళలో ఒక్క ముంచు ముంచి తలకిందులు చేస్తే, ఐసు దిమ్మ జర్రున జారి చెక్కల మీదికి వస్తుంది. దాన్ని కొక్కెంతో లాగి మరలోకి తోయడం చిన్నకోడలి పని. మర దాన్ని పొడి చేసి గొట్టంలోంచి కింద పడవల్లోకి వదులుతుంది. మర తిరుగుతున్నంతసేపూ ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆమెకు ఆ ఉద్యోగంలో నచ్చేది అదొక్కటే.

మైకు మాట మాత్రం వినపడుతుంది. ఆయన మత్స్యకారుల సంఘం పెద్ద. సభల్లో మైకు పక్కకు నెట్టేసి మాట్లాడతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఈ మధ్య ఆయన ఇల్లు దాటి వీధిలోకి వస్తే చాలు, టైర్ల గురించే.

"అమ్మాయ్! ఒక్కసారి మర ఆపించు."

"ఆపితే కింద వాళ్ళు తిడతారు మావయ్యా."

"తిట్టనీ. ఆ టైర్లు తీసేస్తే తిట్టడానిక్కూడా పడవలుండవు. ఈ ఫ్యాక్టరీకీ తాళమే."

ఆమె మర ఆపించింది. చప్పుడు ఆగేసరికి చెవులు గుయ్యిమన్నాయి.

మైకు చుట్టూ చూసి, తన లెక్క ప్రకారం గొంతు తగ్గించాడు. గొలుసు లాగేవాడు అంత దూరంలో ఉండి కూడా అన్నీ వింటున్నాడు. "నువ్వు బిడ్డలాంటిదానివి. తప్పుగా అనుకోకు. మీ ఆయనకి ఆ టైర్లు కళ్ళు మూసుకున్నా తెలుసు. అవునా? కుళ్ళిపోయి చేత్తో పట్టుకుంటే ఊడిపోయే తాళ్ళు అవి. వాటిలో ఇరుక్కుని అలాంటివాడు పోవడమేంటి?"

ఆమె కొక్కెం తిప్పుతూ నిలబడింది.

"ఒంట్లో బాగోక దిగాడా? ఇంట్లో ఏమన్నా గొడవై, మనసు బాగోక దిగాడా? అదేదో ఉంటే చెప్పమ్మా. తప్పు టైర్లది కాదు, మనిషిదే అని నీ నోటితో ఒక్క మాట. పోయినవాడికి కొత్తగా వచ్చే చెడ్డపేరేం ఉంది? పేటంతా నిలబడుతుంది."

"మీకు తెలియనిది నాకేం తెలుసు మావయ్యా."

"నాకు తెలియకేగా అడుగుతున్నా! ఆ రోజు నేను ఇక్కడే ఐసు ఎక్కించుకుని బయల్దేరా. హార్బరు గట్టు చివర దాటుతుంటే మీ బావ పడవ కనపడింది. ఒడ్డుకి ఇంత దగ్గరలో. చెయ్యి ఊపా. చూడలేదు. ఇంజను చించేస్తూ సముద్రంలోకి పోతున్నాడు. చేపల గుంపేదో కంటపడి ఉంటుందిలే అనుకున్నా. ఆ తర్వాత కదా టైర్ల దగ్గర్నుంచి పిలుపు వచ్చింది! అంటే వాళ్ళు అక్కడికి వెళ్ళి ఎంతసేపైనట్టు? అంతలోనే దిగడం, ఇరుక్కోవడం, పోవడం. నాకైతే బుర్రకెక్కట్లేదు."

ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. చిన్నకోడలు వినడం మానేసింది.

తోట ఒడ్డుకు దగ్గర. టైర్లు చాలా దూరం, నడి సముద్రంలో. ఈ రెండూ ఆమెకు విడివిడిగా ఎప్పటి నుంచో తెలుసు. వాటిని పక్కపక్కన పెట్టి ఇప్పటిదాకా చూడలేదు. తోట నుంచి టైర్ల దగ్గరికి తీసుకుపోయానని బావగారు చెప్పినప్పుడు ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి మార్చినట్టే విన్నది. తోట మీద పడవ ఆపి తల తిప్పితే హార్బరు కనపడుతుంది. అక్కడ మనుషులుంటారు, బండి ఉంటుంది, బండి ఎక్కిస్తే ఆసుపత్రి ఉంటుంది. బావగారు పడవను అటు తిప్పలేదు.

"అమ్మాయ్, చేతులు! తొడుగులేవీ?"

ఆమె చూసుకుంది. రెండు అరచేతులూ ఐసు దిమ్మకు ఆనించి ఉన్నాయి. ఎప్పుడు ఆనించిందో తెలియదు. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"నొప్పి లేదూ?" అన్నాడు మైకు. మొదటిసారి ఆయన గొంతు మామూలు మనుషుల గొంతులా ఉంది.

"లేదు మావయ్యా," అంది. అది నిజమే.

*

స్కూలు ఆవరణలో పెద్దాడు బండికి స్టాండు వేస్తుంటే ఆమె ఎదురెళ్ళింది. అత్తగారు అప్పటికే లోపల ముందు వరసలో కూర్చుని, పక్క కుర్చీలో చేతిసంచి పెట్టి కోడలి కోసం కాపలా కాస్తోంది.

"బావగారూ, ఒక్క మాట."

"లోపల మొదలెట్టేస్తారు. తర్వాత."

"తోట నుంచి హార్బరు దగ్గరా, టైర్లు దగ్గరా?"

పెద్దాడు బండి తాళం తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. "ఎవరేం చెప్పారు నీకు?"

"హార్బరే కదా దగ్గర."

"అప్పటికే అయిపోయిందని చెప్పానుగా."

"అయిపోయిందని ఎలా తెలిసింది?"

"అదేం ప్రశ్నమ్మా? చూస్తే తెలీదూ? కదల్లేదు. పిలిస్తే పలకలేదు."

"ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశారా?"

ఆవరణలో పిల్లల సైకిళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి. పెద్దాడు వాటి వంక చూస్తూ నిలబడ్డాడు. ఎండకు మొహమంతా చెమట పట్టింది. తుడుచుకోలేదు.

"గుండె మీద చెవి పెట్టారా?"

"ఇంజను దగ్గర ఉన్నా. వాడు ముందు వైపు పడుకుని ఉన్నాడు."

"చూశారా, లేదా?"

"చూడలేదు," అన్నాడు పెద్దాడు.

ఆమె కేకలు పెడుతుందనుకున్నాడేమో, చెయ్యి అడ్డంగా ఎత్తాడు. ఆమెకు ఎక్కడో లోపల ఒక తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టు అనిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"నాన్న చేతులతో కట్టిన తోట అది," అన్నాడు పెద్దాడు. మాటలు తడబడుతున్నాయి. "ఆ నిమిషంలో వేరే ఏదీ తోచలేదు. పదిమందీ వచ్చేస్తారనే తోచింది. నేను మనిషిని కానా? రోజూ నిద్ర పడుతోందనుకుంటున్నావా?"

"నాకు పడుతోంది బావగారూ. అదే నాకు అర్థం కావడం లేదు."

"లోపల ఏం చెబుతావో చెప్పు."

"ఇంకా తెలియదు."

"అమ్మకి మిగిలింది నేనొక్కణ్ణే. అది గుర్తుంచుకో. నువ్వు చెబితే తోట పోతుంది, పోనీ. అమ్మకి నేను కూడా పోతాను."

*

తెర మీద ఫొటోలు వేస్తోంది సముద్రం ఆఫీసు నుంచి వచ్చిన మేడమ్. ఎండకు ముక్కు చర్మం లేచిపోయిన మనిషి. ఫొటోలు తనే నీళ్ళలో దిగి తీసింది. మొదటి దాంట్లో టైరు బొక్కలోంచి ఒక లావుపాటి చేప తొంగిచూస్తోంది. వెనక వరసల్లో చప్పట్లు పడ్డాయి. రెండో దాంట్లో విడిపోయిన టైరు పక్కనున్న పగడాల దిబ్బ మీదికి దొర్లి, అక్కడున్నదంతా గీకేసింది. చప్పట్లు ఆగిపోయాయి.

"టైర్లలో చేపలున్న మాట నిజం," అంది మేడమ్. "తుఫాను వచ్చినప్పుడల్లా విడి టైర్లు దిబ్బను అరగదీస్తున్న మాటా నిజం. పిల్లచేపలు పెరిగేది ఆ దిబ్బలోనే. దిబ్బ పోతే టైర్లలోకి రావడానికి చేపలెక్కడివి?"

మైకు లేచాడు. "ఇల్లు పాతబడిందని లోపల మనుషులుండగానే కూల్చేస్తారా మేడమ్? గట్టిగా ఉన్న కట్టలేం పాపం చేశాయి?"

"నేనూ అదే రాశాను. విడివాటిని తీసి, గట్టి కట్టల్ని ఉంచమన్నాను. ఆ ప్రమాదం జరిగాక పైవాళ్ళు ఒప్పుకోవడం లేదు. మనిషి ప్రాణం పోయిన చోట ఒక్క టైరు కూడా ఉండకూడదంటున్నారు. వాళ్ళతో నేనేం వాదించను?"

"నా కొడుకు పోయింది కూడా నిజమే కదమ్మా," అంది అత్తగారు, కూర్చునే. పెద్దగా అనలేదు. కాని హాలంతా వినపడింది.

మైకు కూర్చున్నాడు.

మేడమ్ చిన్నకోడలి దగ్గరికి వచ్చి వంగింది. "మీకు ఇష్టమైతేనే. బలవంతం లేదు. ఆయన టైర్లకి ఏ వైపున దిగారో చెబితే, అక్కణ్ణించే తీయడం మొదలుపెడతాం. ఆ చోటుని అలా వదిలెయ్యడం నాకూ ఇష్టం లేదు."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని పైకి లేపింది. "చెప్పు తల్లీ. భయపడకు. నేను పక్కనే ఉన్నా."

చిన్నకోడలు లేచి నిలబడింది. కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. పొద్దున ఐసు ఎక్కించుకున్న మొహాలే అన్నీ. ఏ వైపో ఒకటి చెప్పి కూర్చోవచ్చు. తూర్పు అంటే తూర్పు, పడమర అంటే పడమర. అందరూ నమ్ముతారు. టైర్లు లేస్తాయి, పేట పడవలు ఖాళీగా తిరిగొస్తాయి, తమ తోట మాత్రం పచ్చగా ఉంటుంది. అత్తగారికి ఒక కొడుకన్నా మిగులుతాడు. వెనక గుమ్మం దగ్గర ఆ కొడుకు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆమెకు ఎవరి మీదా కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది. పడవ ముందు భాగంలో పడుకున్న మనిషి ఒక్కడే కళ్ళకు కట్టాడు. అతని మొహం మీద ఎండ పడుతోంది. నీడకైనా జరిపేవాళ్ళు లేరు.

"ఏ వైపూ కాదు," అంది.

మేడమ్ అర్థం కానట్టు చూసింది.

"ఆయన టైర్ల దగ్గర పోలేదు."

హాల్లో అందరూ ఒకేసారి మాట్లాడారు. మైకు లేచాడు, నోరు తెరిచాడు, ఆయన గొంతు కూడా ఆ గోలలో కలిసిపోయింది. మేడమ్ చేతులెత్తి ఆగమంటోంది. తెర మీద లావుపాటి చేప మళ్ళీ వచ్చి నిలబడింది.

అత్తగారు కోడలి చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని, కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. అక్కడ ఆమెకేం కనపడిందో ఏమో, ఇంకేమీ అడగలేదు. మెల్లిగా వెనక్కి తిరిగింది. ఆవిడ తిరిగిన వైపే ఒక్కొక్క వరసా తిరుగుతూ, గుమ్మం దాకా గోల సద్దుమణిగింది.

"పెద్దాడా," అంది, ఇంట్లో అన్నానికి పిలిచినంత మామూలుగా. "నా బిడ్డ ఎక్కడ పోయాడ్రా?"

పెద్దాడు కట్టుకున్న చేతులు విప్పి, గొంతు సవరించుకున్నాడు.